సంకేతభాష - పోలీసు రేడియో

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక శబ్దానికి ఒక అర్థం ఎట్లా కలుగుతుంది? వినేవారు ఆ అర్థాన్ని ఎట్లా గ్రహిస్తారు? మన వైయాకరణులు, అలంకారికులు శతాబ్దాల నాడే ఈ ప్రశ్నలను లోతుగా చర్చించారు. అమెరికా పోలీసులు రేడియోలో వాడే అంకెల సంకేతాలను ఉదాహరణగా తీసుకొని సంకేతభాష పుట్టుకను, ప్రయోజనాన్ని, పరిమితులను వివరించడం, విన్న మాటను సరిగా గ్రహించవలసిన బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

“సిక్స్ ఆడమ్ ఫిఫ్టీన్, టూ లెవెన్ ఇన్ ప్రోగ్రెస్, హాలీవుడ్ అండ్ వైన్, కోడ్ త్రీ.”

అమెరికాలోని లాస్ ఏంజలస్ నగర పోలీసుల రేడియోలో వినిపించే మాటల తీరు ఇది. ఇందులో కఠినమైన పదం ఒక్కటీ లేదు. అయినా మొదటిసారి వినేవారికి, ఇంగ్లీషు మాతృభాష అయినవారికి సైతం, దీని భావం బోధపడదు. ఎవరీ ఆడమ్? టూ లెవెన్ అంటే ఏమిటి? ఈ మాటలకు అర్థం నిఘంటువులో దొరకదు. వాటిని వాడేవారి ఒప్పందంలోనే ఉంటుంది.

ఇటువంటి సంభాషణలను వినడానికి ఉపయోగించే పరికరం స్కానర్. మామూలు రేడియోలో మనం ఒక కేంద్రాన్ని ఎంచుకొని వింటాం. స్కానర్ అట్లా ఒకచోట నిలిచి ఉండదు. పోలీసులు, అగ్నిమాపక దళాలు, అంబులెన్సులు వాడుకొనే పౌనఃపున్యాలను వరుసగా తడుముతూ పోతుంది. ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. మాట ముగియగానే మళ్ళీ ముందుకు సాగుతుంది. తొలినాటి స్కానర్లలో ఒక్కొక్క పౌనఃపున్యానికి ఒక్కొక్క స్ఫటికాన్ని అమర్చవలసి వచ్చేది. 1970ల చివరినాటికి ఆ అవసరం తప్పి, మీటలు నొక్కి కావలసిన సంఖ్యను నమోదు చేసుకొనే పరికరాలు వచ్చాయి. పత్రికా కార్యాలయాలలోను, సామాన్యుల ఇళ్ళలోను స్కానర్ చోటు సంపాదించుకొంది.

సంకేతాల పుట్టుక

1928 ఏప్రిల్ 7న డెట్రాయిట్ నగర పోలీసులు గస్తీ వాహనాలకు రేడియో ద్వారా ఆదేశాలు పంపే పద్ధతిని విజయవంతంగా ప్రారంభించారు. అయితే అది ఏకముఖ ప్రసారం. కేంద్రం చెప్పేది వాహనంలోని పోలీసుకు వినిపించేది కాని, అతడు ప్రత్యుత్తరం ఇచ్చే మార్గం లేదు. జవాబు చెప్పవలసి వస్తే వాహనం ఆపి టెలిఫోను వెతుక్కోవలసిందే. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయోన్ పట్టణంలో ఉభయముఖ ప్రసారం అమలులోకి వచ్చింది. అప్పటినుండి వాహనాలు కూడా మాట్లాడసాగాయి.

అందరూ మాట్లాడటం మొదలుపెట్టగానే కొత్త చిక్కు వచ్చింది. పోలీసులకు కేటాయించిన పౌనఃపున్యాలు అతి తక్కువ. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగిలినవారు మౌనంగా ఉండాలి. ఒక పోలీసు తాను భోజనానికి వెళుతున్నానని నాలుగు వాక్యాలలో చెబుతూ ఉంటే, అదే సమయంలో ప్రాణాపాయంలో ఉన్న మరొక పోలీసు నోరు విప్పే అవకాశమే ఉండదు. కనుక తక్కువ మాటలలో ఎక్కువ భావం చెప్పడం అత్యవసరమైంది.

ఈ అవసరం నుండి పుట్టినవే ‘పది సంకేతాలు’. ఇంగ్లీషులో వీటిని ‘టెన్ కోడ్స్’ అంటారు. 1937లో ఇల్లినాయి రాష్ట్ర పోలీసు శాఖలో రేడియో విభాగాన్ని చూస్తున్న చార్లెస్ హాపర్ వీటిని రూపొందించాడు. 1940లో ఇవి అమెరికా పోలీసు సమాచార అధికారుల సంఘం పత్రికలో ప్రకటితమై క్రమంగా దేశమంతటా వ్యాపించాయి.

ప్రతి సంకేతానికి ముందు ‘పది’ ఎందుకు? దీని వెనుక యంత్రసంబంధమైన కారణం ఉంది. ఆనాటి వాహనాలలోని ప్రసారయంత్రానికి విద్యుత్తును అందించే మోటారు, మీట నొక్కగానే పూర్తి వేగాన్ని అందుకొనేది కాదు. క్షణకాలం ఆలస్యమయ్యేది. ఆ క్షణంలో పలికిన మొదటి అక్షరం గాలిలో కలిసిపోయేది. అసలు విషయమే మొదటి అక్షరంలో ఉంటే వినేవారికి అందదు. అందుకని ముందుగా ‘టెన్’ అనే మాట పలికి, యంత్రం పుంజుకొన్న తరువాత అసలు సంఖ్య చెప్పేవారు. అంటే ‘పది’కి ప్రత్యేకమైన అర్థం ఏమీ లేదు. వెనుక వచ్చే సంఖ్యను కాపాడటమే దాని పని. తరువాతి కాలంలో యంత్రాలు మారాయి, ఆలస్యం తొలగింది. కాని ‘పది’ మాత్రం నిలిచిపోయింది.

కొన్ని ముఖ్య సంకేతాలు

పైన పేర్కొన్న సంఘం 1974 నాటికి సంస్కరించిన పట్టిక నుండి కొన్నింటిని గమనించండి.

10-4: సరే, విన్నాను.
10-7: ప్రస్తుతం విధులలో లేను.
10-8: విధులకు సిద్ధంగా ఉన్నాను.
10-9: మళ్ళీ చెప్పండి.
10-20: ఉన్న స్థలం.
10-22: చెప్పినదాన్ని పట్టించుకోవద్దు.
10-23: ఘటనాస్థలానికి చేరాను.
10-33: అత్యవసరం, సహాయం కావాలి.

వీటిలో 10-4 అన్నిటికంటె ప్రసిద్ధమైనది. 1955 నుండి 1959 వరకు అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ‘హైవే పట్రోల్’ ధారావాహికలో నటుడు బ్రోడరిక్ క్రాఫర్డ్ నోట ఈ మాట ఇంటింటా మారుమోగింది. 1970లలో లారీ డ్రైవర్లు తమ వాహనాలలో సామాన్య పౌరుల రేడియోను అమర్చుకొని పోలీసుల సంకేతాలనే తమ అవసరాలకు మలచుకొన్నారు. “నీ ట్వంటీ ఎక్కడ?” అంటే “నీవు ఎక్కడ ఉన్నావు?” అని అర్థం. ఒక శాఖ లోపలి మాట ఈ విధంగా జనం మాటగా మారింది.

సంకేతం, సమయం

మన శాస్త్రకారులు ‘సంకేతం’ అన్న మాటను నిర్దిష్టమైన అర్థంలో వాడారు. “ఈ పదానికి ఈ అర్థం” అని నిర్ణయించే ఏర్పాటు సంకేతం. దీనికే ‘సమయం’ అని మరొక పేరు. ఇక్కడ సమయమంటే కాలం కాదు, ఒడంబడిక. ఆ ఒడంబడిక తెలిసినవారికే పదం అర్థాన్ని ఇస్తుంది. తెలియనివారికి అది ఉత్త ధ్వని.

మన ప్రాచీనులు గ్రంథాలలోను, శాసనాలలోను సంవత్సర సంఖ్యలను పదాలతో సూచించిన పద్ధతి దీనికి చక్కని ఉదాహరణ. చంద్రుడు అంటే 1, నేత్రం అంటే 2, అగ్ని అంటే 3, వేదం అంటే 4, బాణం అంటే 5. వీటిని భూతసంఖ్యలు అంటారు. ‘వేద నేత్ర బాణ చంద్ర’ అని ఉంటే 4, 2, 5, 1 అనే అంకెలు వస్తాయి. అయితే వీటిని కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. అప్పుడు 1524 అవుతుంది. పదాల అర్థం తెలిసినా, పేర్చే నియమం తెలియకపోతే 4251 అని చదివి పొరబడతాము. కనుక ఏ సంకేతభాషలోనైనా పదాల పట్టికతో పాటు వాటి క్రమం కూడా నేర్చుకోవాలి.

మరొక చిక్కు కూడా ఉంది. ఒకే సంకేతానికి వేరువేరు చోట్ల వేరువేరు అర్థాలు ఉండవచ్చు. రసాలు ఎన్ని? భోజనం విషయంలో ఆరు, కావ్యం విషయంలో తొమ్మిది. సంఖ్యాపదాలలో సముద్రం కొందరికి 4, కొందరికి 7. ఏ సంప్రదాయమో తెలుసుకోకుండా అర్థం చెప్పడం సాహసమే అవుతుంది.

పోలీసు సంకేతాలలో ఈ చిక్కు ప్రాణాంతకంగా పరిణమించగలదు. 1974 నాటి పట్టికలో 10-13 అంటే వాతావరణం, రహదారి పరిస్థితి తెలిపే సమాచారం. న్యూయార్క్ నగర పోలీసులకు అదే 10-13 “పోలీసు ఆపదలో ఉన్నాడు, సహాయానికి రండి” అనే కేక. ఒకరికి వాన కబురు, మరొకరికి ప్రాణాపాయం. స్కానర్ వినేవారు ఒక నగరపు పట్టికను కంఠస్థం చేసి మరొక నగరపు సంభాషణకు అన్వయిస్తే అనర్థమే. అందుచేత ఏ ఊరి రేడియో వింటున్నామో, అక్కడి శాఖ ఏ పట్టికను అనుసరిస్తున్నదో ముందుగా తెలుసుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం.

ఆ సంఘం పేరునే చూడండి. దాని పొడి అక్షరాలను కలిపి పలికితే ‘ఆప్కో’ అవుతుంది. ఆ మాట వినగానే ఆంధ్రదేశంలో ఎవరికైనా చేనేత వస్త్రాలు జ్ఞప్తికి వస్తాయి. అమెరికా పోలీసుకు రేడియో పట్టిక జ్ఞప్తికి వస్తుంది.

చట్టం నుండి వచ్చిన సంఖ్యలు

అన్ని శాఖలు పది సంకేతాలనే వాడవు. కాలిఫోర్నియా రాష్ట్రంలో నేరాలను సూచించడానికి అక్కడి శిక్షాస్మృతిలోని సెక్షన్ల సంఖ్యలనే పలుకుతారు. 187 అంటే హత్య, 211 అంటే బలప్రయోగంతోనో భయపెట్టియో చేసే దోపిడి, 459 అంటే దొంగతనం వంటి నేరం చేసే ఉద్దేశంతో భవనంలో చొరబడటం. సంఖ్య చెప్పగానే ఏ నేరమో, ఎంతటి తీవ్రమైనదో పోలీసుకు తెలుస్తుంది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మోసగాడిని “వాడు ఫోర్ ట్వంటీ” అని మన ఊళ్ళలో చదువురానివారు కూడా అంటారు. భారతీయ శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన 420వ సెక్షన్ నుండి వచ్చిన మాట అది. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో మోసానికి సంబంధించిన సెక్షన్ సంఖ్య 318. అయినా మోసగాడిని “త్రీ ఎయిటీన్” అని ఎవరూ పిలవడం లేదు. కాలిఫోర్నియాలోను ఇట్లాగే జరిగింది. మద్యం సేవించి వాహనం నడపడాన్ని నిషేధించిన పాత సెక్షన్ సంఖ్య 502. చట్టంలో ఆ సంఖ్య ఏనాడో మారినా రేడియోలో 502 నిలిచే ఉంది. చట్టాన్ని శాసనసభ మార్చగలదు. జనం నోట నిలిచిన సంకేతాన్ని మార్చడం అంత సులభం కాదు.

ఇప్పుడు పాఠం మొదట చూచిన వాక్యాన్ని విడదీద్దాం. లాస్ ఏంజలస్ పోలీసు శాఖలో ‘సిక్స్’ అంటే హాలీవుడ్ విభాగం. ‘ఆడమ్’ మనిషి పేరు కాదు. ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి అక్షరం స్పష్టంగా వినిపించడానికి పలికే పదం. ఆ అక్షరం ఇద్దరు పోలీసులు ఉన్న గస్తీ వాహనాన్ని సూచిస్తుంది. ఒక్కరే ఉన్న వాహనమైతే ‘లింకన్’ అంటారు. ‘ఫిఫ్టీన్’ ఆ వాహనపు సంఖ్య. ‘టూ లెవెన్’ 211, అనగా దోపిడి. ‘ఇన్ ప్రోగ్రెస్’ అనడం వల్ల నేరం ముగియలేదని, ఇంకా జరుగుతూనే ఉందని తెలుస్తుంది. ‘హాలీవుడ్ అండ్ వైన్’ అన్నవి రెండు వీధుల పేర్లు. రెండు వీధులను కలిపి చెబితే అవి కలిసే కూడలి అని అర్థం. ‘కోడ్ త్రీ’ అంటే ఎర్రదీపాలు వెలిగించి, సైరన్ మోగిస్తూ వెళ్ళమని ఆజ్ఞ. ‘కోడ్ టూ’ అయితే త్వరగా వెళ్ళాలి కాని సైరన్ ఉండదు. ‘కోడ్ ఫోర్’ అంటే ఇక అదనపు సహాయం అక్కరలేదని. ‘కోడ్ సెవెన్’ భోజన విరామం.

ఎవరిని పిలుస్తున్నారు, ఏమి జరిగింది, ఎక్కడ జరిగింది, ఎంత త్వరగా వెళ్ళాలి - ఈ నాలుగు విషయాలు వరుసగా ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నాయి. స్కానర్ వినడం నేర్చుకొనేవారు విడి సంఖ్యల కంటె ముందు ఈ వరుసను పట్టుకోవాలి. వరుస తెలిస్తే ఒక పదం వినిపించకపోయినా అది ఏ కోవకు చెందినదో ఊహించవచ్చు.

సందర్భమే ప్రమాణం

సంస్కృతంలో ‘సైంధవం’ అన్న పదానికి ఉప్పు అని, గుఱ్ఱం అని రెండర్థాలు. “సైంధవం తీసుకొనిరా” అని యజమాని అంటే సేవకుడు ఏది తేవాలి? భోజనవేళ అయితే ఉప్పు, ప్రయాణవేళ అయితే గుఱ్ఱం. శబ్దార్థ నిర్ణయంలో సందర్భం ఎంత ముఖ్యమో చెప్పడానికి మన శాస్త్రకారులు ఇచ్చే ప్రసిద్ధమైన ఉదాహరణ ఇది. పంక్తిలో కూర్చున్నవారి ముందుకు గుఱ్ఱాన్ని తెస్తే నవ్వి ఊరుకోవచ్చు. కాని కొన్ని పొరపాట్లు నవ్వుకొనేవి కావు.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ నగరంలో మారథాన్ పరుగు పందెం జరుగుతుండగా బాంబులు పేలాయి. ఏప్రిల్ 18 అర్ధరాత్రి దాటిన తరువాత పోలీసులు అనుమానితుల కోసం గాలిస్తుండగా, వేలాదిమంది ఇళ్ళలో కూర్చుని ఆ పోలీసు రేడియోను వినసాగారు. ఆ సంభాషణలో ఒక అధికారి ఒక ఇంటిపేరును అక్షరాలతో చెబుతూ, “ఎమ్ యాజ్ ఇన్ మైక్” అన్నాడు. ‘మైక్‌లో ఉన్న ఎమ్’ అని దాని భావం. మనం టెలిఫోనులో “రామయ్యలో రా” అని చెప్పుకొనే తీరు ఇదే. కాని విన్నవారిలో కొందరికి ఈ వాడుక తట్టలేదు. ‘మైక్’ ఒక మనిషి పేరని, ఆ మనిషే నేరస్థుడని తలచారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్లు, వెనుకాముందు చూడకుండా వేలాదిమంది ఆ పేరును చాటారు.

అదే రాత్రి మరొక ప్రచారం బయలుదేరింది. ఇల్లు విడిచి కనబడకుండా పోయిన ఒక విద్యార్థి పేరును పోలీసు రేడియోలో స్వయంగా విన్నామని కొందరు చెప్పారు. తరువాత ధ్వనిముద్రికలను పరిశీలించిన పాత్రికేయునికి అందులో ఆ పేరు వినిపించలేదు. ఆ విద్యార్థికి నేరంతో ఏ సంబంధమూ లేదు. బిడ్డ జాడ తెలియక కుమిలిపోతున్న ఆ కుటుంబం, ఆ రాత్రి లోకనిందను కూడా భరించవలసి వచ్చింది. తెల్లవారేసరికి అసలు నిందితుల పేర్లు వెల్లడయ్యాయి. ప్రచారం చేసినవారు ఆ మాట మరచిపోయి ఉండవచ్చు. ఆ ఇంటివారు మరచిపోగలరా?

పోలీసులకు కూడా దీనివల్ల ఇబ్బంది కలిగింది. తాము ఏ ఇంటిని సోదా చేస్తున్నామో, ఎక్కడ మాటువేసి ఉన్నామో ప్రచారం చేయవద్దని బోస్టన్ పోలీసు శాఖ ఆ రోజున ప్రజలను బహిరంగంగా కోరవలసి వచ్చింది.

సరళభాష వైపు

సంకేతం వేగాన్ని ఇస్తుంది కాని, బయటివారిని బయటనే ఉంచుతుంది. పెద్ద విపత్తులు సంభవించినప్పుడు ఇది పెద్ద లోపమవుతుంది. 2005లో కత్రీనా తుఫాను అమెరికా దక్షిణతీరాన్ని ముంచెత్తినప్పుడు అనేక రాష్ట్రాల నుండి రక్షకదళాలు తరలివచ్చాయి. ఎవరి సంకేతాలు వారివి. ఒకరి సంఖ్య మరొకరికి తెలియదు. ఇటువంటి అనుభవాల దృష్ట్యా అమెరికా కేంద్రప్రభుత్వం 2006 ఆర్థిక సంవత్సరం నుండి, వేరువేరు శాఖలు కలిసి పనిచేసే సందర్భాలలో అందరికీ తెలిసిన మామూలు మాటలనే వాడాలని, అట్లా వాడినవారికే విపత్తు సన్నద్ధత నిధులు ఇస్తామని షరతు విధించింది. దినచర్యలో ఎవరి సంకేతాలు వారు వాడుకోవడాన్ని నిషేధించలేదు. ఇరుగుపొరుగు కలిసినప్పుడు మాత్రం “10-33” అనడానికి బదులు “సహాయం కావాలి” అనాలి. డెబ్బది ఏండ్ల తరువాత సంకేతం మళ్ళీ మాటగా మారవలసి వచ్చింది.

స్కానర్ శ్రోతలకు మరొక మార్పు ఎదురైంది. పోలీసు శాఖలు తమ సంభాషణలను గూఢలిపిలోకి మార్చసాగాయి. తాళంచెవి వంటి రహస్యసంఖ్య ఉన్న యంత్రాలకే ఆ మాట వినిపిస్తుంది. డెన్వర్ నగరం 2019లోను, న్యూయార్క్ నగరం 2023లోను ఈ మార్గం పట్టాయి. నేరస్థులు వింటున్నారని, బాధితుల పేర్లు, చిరునామాలు బయటపడుతున్నాయని పోలీసులు అంటున్నారు. పోలీసుల పనితీరును ప్రజలు, పత్రికలు గమనించే మార్గం మూసుకొనిపోతుందని పాత్రికేయులు అంటున్నారు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరం 2021లో రేడియోను గోప్యం చేసి, 2022లో మళ్ళీ బహిరంగం చేసింది. రెండు వాదాలలోను న్యాయం ఉంది కనుకనే ఒకే నగరం రెండు దారులూ నడిచి చూచింది.

చట్టం విషయం కూడా విద్యార్థులు గమనించాలి. అమెరికాలో చాలాచోట్ల ఇంట్లో స్కానర్ వినడం నేరం కాదు. కొన్ని రాష్ట్రాలలో వాహనంలో ఉంచుకోవడానికి అనుమతి కావాలి. విన్నదాన్ని నేరానికి ఉపయోగిస్తే శిక్ష తప్పదు. మన దేశంలో పరిస్థితి వేరు. 1933 నాటి చట్టం కాలం నుండి కూడా అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరాలను ఉంచుకోవడంపై కఠినమైన నియమాలు ఉన్నాయి. కనుక ఈ విషయాన్ని మనం భాషాదృష్టితో తెలుసుకోవాలే కాని, అనుకరించబూనకూడదు.

అయితే ఈ పాఠంలోని మెలకువ స్కానర్ లేనివారికి కూడా అవసరమైనదే. ఎక్కడో ఎవరో అన్న ముక్క ఒకటి, ముందూ వెనుకా లేకుండా, నేడు ప్రతి ఒక్కరి చేతిలోని సెల్‌ఫోనుకు చేరుతున్నది. అది ఎవరు ఎవరితో అన్నది? ఏ సందర్భంలో అన్నది? ఆ మాటకు వారి వాడుకలో ఏమి అర్థం? ఈ మూడింటికీ సమాధానం తెలిసేవరకు దానిని మరొకరికి పంపకుండా ఆగడం మనకు సాధ్యమైన పనే. పోలీసు రేడియోలో వినపడని మాటను ఊహించి పూరించరు. “10-9” అని అడుగుతారు. “మళ్ళీ చెప్పండి” అని అర్థం. ఆ పట్టికలోని సంఖ్యలన్నీ మరచిపోయినా విద్యార్థులు ఈ ఒక్కదాన్ని జ్ఞాపకం ఉంచుకోవచ్చు.

కఠిన పదాలు - అర్థాలు

పౌనఃపున్యం: ఒక సెకను కాలంలో తరంగం కంపించే పర్యాయాల సంఖ్య
వైయాకరణుడు: వ్యాకరణశాస్త్రం తెలిసినవాడు
అలంకారికుడు: అలంకారశాస్త్రవేత్త
ఒడంబడిక: ఒప్పందం
ప్రాణాంతకం: ప్రాణం తీసేది
అన్వయించు: సంబంధం కల్పించు, వర్తింపజేయు
గూఢలిపి: ఇతరులకు తెలియని రహస్యమైన వ్రాత
లోకనింద: జనులు వేసే నింద

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పోలీసు రేడియోలో సంకేతాలు పుట్టడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. “సంకేతానికి అర్థం ఒడంబడిక వల్ల, సందర్భం వల్ల కలుగుతుంది.” పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. సంకేతానికి ముందు ‘పది’ చేర్చడానికి కారణమేమి?
2. భూతసంఖ్యలను గురించి రాయండి.
3. 2013లో బోస్టన్ నగరంలో జరిగిన అపార్థాన్ని తెలపండి.
4. పోలీసు రేడియోను గోప్యం చేయడంపై ఉన్న రెండు వాదాలను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పది సంకేతాలను రూపొందించినది ఎవరు?
2. ‘సమయం’ అనే పదానికి శాస్త్రంలో అర్థమేమి?
3. ‘సైంధవం’ అన్న పదానికి గల రెండర్థాలు ఏవి?
4. 10-13 అంటే న్యూయార్క్ పోలీసులకు ఏమి అర్థం?

ఈ) సంధులు
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం - యణాదేశ సంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం - సవర్ణదీర్ఘ సంధి
శబ్దార్థం = శబ్ద + అర్థం - సవర్ణదీర్ఘ సంధి

ఉ) సమాసాలు
శాస్త్రకారుల మాట - శాస్త్రకారుల యొక్క మాట - షష్ఠీ తత్పురుష సమాసం
రెండర్థాలు - రెండు సంఖ్య గల అర్థాలు - ద్విగు సమాసం
ఇరుగుపొరుగు - ఇరుగును, పొరుగును - ద్వంద్వ సమాసం